పిచ్చాసుపత్రి నుంచి వచ్చిన కథను నమ్మడమెలా?

కథ చెబుతున్న మనిషి మానసిక వైద్యశాలలో ఉన్నాడని తెలియగానే పాఠకుడి చదువు మారిపోతుంది. అంతదాకా తర్వాత ఏం జరిగిందోనని పేజీలు తిప్పినవాడు, అసలిది జరిగిందా అని వెనక్కి తిరుగుతాడు. చాలామంది అక్కడికక్కడే ఒక తీర్పు ఇచ్చేస్తారు: వాడికి పిచ్చి, కాబట్టి వాడు చెప్పిందంతా ఉత్తదే. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురుతిరిగి, పిచ్చి లోకానిది, ఆసుపత్రిలో ఉన్న ఆ ఒక్కడే తెలివైనవాడు అంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. కథకుడి మతి సరిగా ఉందా అన్నది ఒక ప్రశ్న. అతను చెప్పిన ఫలానా సంగతి నిజమా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలిపోదు. ఈ తరహా కథలు రాసిన గొప్ప రచయితలందరూ ఆ రెండింటికీ మధ్య ఉన్న ఎడంలోనే తమ పని చేశారు.

రచయిత విలువలకూ కథ చెప్పేవాడి విలువలకూ పొంతన కుదరనప్పుడు ఆ కథకుణ్ణి 'నమ్మదగని కథకుడు' అనాలని అమెరికా విమర్శకుడు వేన్ బూత్ 1961లో అన్నాడు. అబద్ధాలకోరు, పసివాడు, తాగుబోతు, గర్విష్ఠి, వీళ్లంతా ఆ కోవలోకి వస్తారు. మతి చలించినవాడు కూడా వస్తాడు గానీ అతని సంగతి వేరు. అబద్ధాలకోరుకు నిజం తెలుసు, దాస్తాడు. మతి చలించినవాడు దేన్నీ దాచడు, తనకు కనిపించిందే చెబుతాడు. అతని నిజాయితీని శంకించడానికి లేదు. శంకించాల్సింది అతని చూపును.

బూత్ పేరు పెట్టడానికి 126 ఏళ్ల ముందే, 1835లో, రష్యన్ రచయిత గోగోల్ 'పిచ్చివాడి డైరీ' రాశాడు. అందులో పోప్రిష్చిన్ అనే చిన్న గుమాస్తా ఉంటాడు. పై అధికారి గదిలో కూర్చుని ఆయన ఈక కలాలు చెక్కడం అతని పని. అధికారి కూతురి మీద మనసు పడతాడు. ఆమె కుక్కపిల్ల మరో కుక్కతో మాట్లాడుతుంటే వింటాడు. ఆ కుక్కలు రాసుకున్న ఉత్తరాలు సంపాదించి చదువుతాడు. స్పెయిన్ సింహాసనం ఖాళీ అయిందని పత్రికలో చూసి, ఆ రాజు తానేనని తేల్చుకుంటాడు. డైరీ మొదట్లో తేదీలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు అంటూ బుద్ధిగా నడుస్తాయి. తాను రాజునని తెలుసుకున్న రోజున మాత్రం తేదీ 2000 సంవత్సరం, ఏప్రిల్ 43. తర్వాత మార్చి, అక్టోబరు కలగలిసిన ఒక కొత్త నెల వస్తుంది. చిట్టచివరి తేదీలో అక్షరాలే తలకిందులవుతాయి. ఇతనికి మతి పోయిందని గోగోల్ ఎక్కడా కథలోకి వచ్చి చెప్పడు. ఆ పని తేదీలకు అప్పగించాడు.

ఇక ఆసుపత్రి. తనను స్పెయిన్‌కు తీసుకువచ్చారని పోప్రిష్చిన్ రాసుకుంటాడు. అక్కడ అందరి తలలూ గొరిగి ఉన్నాయి, వాళ్లంతా ఆ దేశపు పెద్దమనుషులు కాబోలనుకుంటాడు. మంత్రి అనుకున్నవాడు కర్రతో వీపు మీద బాదితే అది రాచమర్యాద అని సరిపెట్టుకుంటాడు. గుండు చేసి నెత్తి మీద చన్నీళ్లు పోస్తుంటే ఎందుకిలా హింసిస్తున్నారో అర్థం కాక విలవిలలాడతాడు. ఇందులో స్పెయిన్ అబద్ధం, మంత్రి అబద్ధం. కర్ర దెబ్బ నిజం, చన్నీళ్లు నిజం. పేర్లు మార్చుకుని చదివితే ఆనాటి యూరపు పిచ్చాసుపత్రి లోపలి తీరుకు అంత నికరమైన సాక్ష్యం దొరకడం కష్టం. వాడికి పిచ్చి అని పుస్తకం మూసేసినవాళ్లకు ఆ దెబ్బలు వినిపించవు. వాడే నిజంగా రాజు అనేవాళ్లకూ వినిపించవు.

కథకుడు తన గురించి తాను చెప్పుకునే మాటకు, ఏది నిజమో తేల్చే ఈ పరీక్షలో పెద్ద విలువ లేదు. ఎడ్గార్ అలన్ పో 1843లో రాసిన 'గుట్టు విప్పే గుండె' కథలో హంతకుడు మొదటి వాక్యం నుంచీ తనకు పిచ్చి లేదనే వాదిస్తాడు. ఎంత జాగ్రత్తగా, ఎంత తెలివిగా చంపాడో వివరించి, ఆ తెలివినే రుజువుగా చూపిస్తాడు. వివరించేకొద్దీ పాఠకుడికి వణుకు పుడుతుంది. గుంటర్ గ్రాస్ 1959 నాటి జర్మన్ నవల 'తగరపు డోలు' సరిగ్గా దీనికి తిరగేసి మొదలవుతుంది. తాను మానసిక వైద్యశాలలో ఉన్నానని ఆస్కర్ ముందే ఒప్పుకుంటాడు. మూడేళ్ల వయసులో ఎదగకూడదని నిశ్చయించుకుని అలాగే ఉండిపోయానంటాడు, గొంతెత్తి అరిచి అద్దాలు పగలగొట్టానంటాడు. ఏ డాక్టరూ ఈ మాటలు నమ్మడు. కానీ డాంజిగ్ నగరంలో నాజీలు ఎలా బలిశారో, యూదుల దుకాణాలు ఎలా ధ్వంసమయ్యాయో అతను చెప్పినదంతా చరిత్రలో జరిగినదే. ఆ కాలంలో మతి నిలకడగా ఉందనిపించుకున్న పెద్దమనుషులెందరో ఆ సంగతులు చూడలేదన్నారు.

అమెరికన్ రచయిత కెన్ కీసీ 1962లో రాసిన 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్' ఈ విషయంలో అందరికంటే లోతుకు వెళ్లిందని చెప్పవచ్చు. అందులో కథ చెప్పేవాడు చీఫ్ బ్రామ్డెన్ అనే ఆదివాసీ. చెవిటి మూగవాడిగా ఏళ్ల తరబడి నటిస్తూ ఒరెగాన్ రాష్ట్రపు ఆసుపత్రిలో నేల తుడుస్తుంటాడు. వినిపించదనుకుని డాక్టర్లూ నర్సులూ అతని ఎదుటే అన్నీ మాట్లాడుకుంటారు. ఆ విధంగా వార్డులో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనే. అయితే గోడల్లో యంత్రాలు తిరుగుతున్నాయని, గదుల్లోకి సిబ్బంది పొగమంచు వదులుతున్నారని, లోకాన్నంతా 'కంబైన్' అనే ఒక పెద్ద యంత్రాంగం నడుపుతోందని కూడా అతనే చెబుతాడు. పాఠకుడు ఏ వాక్యాన్ని ఏ గంపలో వేయాలి?

నిదానంగా చదివితే నవలే దారి చూపిస్తుంది. పొగమంచుకు మూలం రెండో ప్రపంచయుద్ధంలో అతను పనిచేసిన విమానాశ్రయం. శత్రువిమానాలకు కనబడకుండా అక్కడ యంత్రాలతో పొగ కప్పేవారు. భయం వేసినప్పుడల్లా ఆ పొగే ఆసుపత్రి గదిలోకి వస్తుంది. 'కంబైన్'కు మూలం కొలంబియా నది మీద కట్టిన ఆనకట్ట. అతని తండ్రి తమ తెగకు నాయకుడు. తరతరాలుగా చేపలు పట్టుకున్న జలపాతాన్ని ప్రభుత్వం కొనేసింది, ముంచేసింది. ఇది కల్పన కాదు. డాలెస్ ఆనకట్ట వెనక నీరు నిలవడంతో సెలీలో జలపాతం 1957 మార్చిలో నిజంగానే మునిగిపోయింది. కోనాం జలాశయం నీళ్లతో మడులు తడుపుకునే, మన్యం అంచున ఉన్న చీడికాడ రైతుకు ఆనకట్ట అంటే పంట. శ్రీశైలం కిందో పోలవరం కిందో ఊరు పోగొట్టుకున్నవాడికి అది వేరు. కనిపించని యంత్రమేదో తన బతుకును మింగేసిందని బ్రామ్డెన్ అంటే అతనికి వైద్యం వద్దని కాదు. కానీ ఆ మాట వట్టి పేలాపన అని మాత్రం ఎవరూ అనకూడదు. ఇక నర్సు రోగుల్ని ఒకరి మీదికి ఒకరిని ఎలా ఉసిగొల్పింది, ఎదిరించినవాడికి కరెంటు షాకులు ఎలా ఇచ్చారు, చివరికి మెదడు కోసి మనిషిని బొమ్మలా ఎలా చేశారు, ఇవన్నీ అతను కళ్లారా చూసి చెప్పినవి. వాటిని కథలో తక్కిన పాత్రల ప్రవర్తన కూడా బలపరుస్తుంది. 1975లో మిలోష్ ఫోర్మన్ ఈ నవలను సినిమాగా తీసినప్పుడు బ్రామ్డెన్ కథనాన్ని తీసేశాడు. సినిమాకు పేరు, బహుమతులు వచ్చాయి. నవలలోని అసలు ప్రశ్న మాత్రం అందులో లేకుండా పోయింది.

కథకుడి మాటలకు చుట్టూ ఎవరు చట్రం కడుతున్నారన్నది కూడా చూడాలి. 1920లో వచ్చిన జర్మన్ మూకీ చిత్రం 'డాక్టర్ కాలిగారి'లో ఫ్రాన్సిస్ అనే యువకుడు ఒక దుర్మార్గపు డాక్టరు కథ చెబుతాడు. సినిమా చివర్లో చూస్తే ఫ్రాన్సిసే పిచ్చాసుపత్రి రోగి, దుర్మార్గుడన్న డాక్టరు ఆ ఆసుపత్రి అధికారి. అధికారాన్ని నిలదీసిన కథ ఒక్క దెబ్బతో రోగి కల్పనగా మారిపోయింది. ఈ చట్రం తమ ఇష్టానికి విరుద్ధంగా తగిలించారని రచయితల్లో ఒకడైన యానోవిట్స్ తర్వాతి కాలంలో ఫిర్యాదు చేశాడు. కానీ అసలు స్క్రిప్టు బయటపడ్డాక అందులోనూ వేరే రకం చట్రం ఒకటి ఉందని తేలింది. రచయిత చెప్పుకున్న చరిత్రను సైతం పత్రాలతో సరిచూసుకోవాల్సి వచ్చింది.

చైనా రచయిత లూ సున్ 1918లో రాసిన 'పిచ్చివాడి డైరీ' చట్రం తెలుగువారికి ఇంకా దగ్గరగా తగులుతుంది. తన చుట్టూ ఉన్నవాళ్లంతా మనుషుల్ని తినేవాళ్లని ఒకడు డైరీలో రాసుకుంటాడు. దానికి ముందుమాటలో, ఆ రోగికి నయమైందనీ, ప్రభుత్వోద్యోగం కోసం వెళ్లాడనీ ఒక పెద్దమనిషి తెలియజేస్తాడు. ముందుమాట పాత గ్రాంథిక చైనీసులో ఉంది, డైరీ వాడుక భాషలో ఉంది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్న దశాబ్దంలోనే అక్కడ ఈ కథ వచ్చింది. మతి కుదిరినవాళ్లు చచ్చిన భాషలో రాస్తుంటే, బతికున్న భాష పిచ్చివాడి నోట పలికింది. ఎవరి పక్షాన నిలబడ్డాడో లూ సున్ ఇంతకంటే గట్టిగా చెప్పనక్కర్లేకపోయింది.

కొన్ని గొప్ప కథలు రోగి చేతికి కలం ఇవ్వకుండానే ఈ పని చేశాయి. చేహోవ్ 'ఆరో నంబరు వార్డు' 1892 నాటిది. తనను ఎవరో తరుముతున్నారని భయపడే రోగి గ్రోమోవ్, ఆ ఊరి మొత్తం మీద మాట్లాడదగ్గ మనిషి. అతనితో మాట్లాడటానికి డాక్టర్ రాగిన్ వార్డుకు రోజూ వస్తుంటే, ఆ రాకపోకలే డాక్టరుకు మతి చెడిందనడానికి రుజువయ్యాయి. చివరికి ఆయనకే రోగుల గౌను తొడిగి లోపల పెట్టి తాళం వేస్తారు. కాపలావాడి దెబ్బలు తిన్న మర్నాడే ఆయన చనిపోతాడు. సాదత్ హసన్ మంటో 'టోబా టేక్ సింగ్' 1955లో వచ్చింది. దేశవిభజన తర్వాత పిచ్చాసుపత్రుల రోగుల్నీ భారత్, పాకిస్తాన్ పంచుకోవడం దాని వస్తువు. మంటో స్వయంగా లాహోరు మానసిక వైద్యశాలలో తాగుడు మానడానికి చేరినవాడు. ఉరిశిక్ష తప్పించుకోవడానికి బంధువులు లంచమిచ్చి పిచ్చివాళ్లుగా చేర్పించిన హంతకులు కూడా ఆ వార్డుల్లో ఉన్నారని కథలో ఒక ముక్క అనేసి ముందుకు సాగుతాడు. ఆసుపత్రిలో ఉండటం ఒక్కటే పిచ్చికి రుజువు కాదని చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు.

డాక్టరు రోగిని పరీక్షించే పద్ధతి నుంచి పాఠకుడు నేర్చుకోవలసింది కొంత ఉంది. మానసిక వైద్యుడు ముందు మాట తీరు చూస్తాడు. ఇవాళ ఏ రోజు, ఇది ఏ ఊరు, ఎదుట ఉన్నది ఎవరు అని అడుగుతాడు. లేనివి కనిపిస్తున్నాయా, వినిపిస్తున్నాయా అని విచారిస్తాడు. తనకు జబ్బుందన్న ఎరుక రోగికి ఎంత ఉందో అంచనా వేస్తాడు. ఇంటివాళ్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. పాఠకుడికి ఇంటివాళ్లు దొరకరు, కథకుడి నోటిగుండానే వాళ్ల మాటలూ రావాలి. అందుకే కథలో ఇతర పాత్రలు ఉలిక్కిపడిన చోట్లు, మాట మార్చిన చోట్లు, జాలిగా చూసిన చోట్లు జాగ్రత్తగా పట్టుకోవాలి. కథకుడు వాటికి తప్పు అర్థం చెప్పవచ్చు గానీ, మంచి రచయిత ఆ చూపుల్ని అక్కడ పెట్టడం మరిచిపోడు.

ఈ పరీక్షలో తెలుగు పాఠకుడు మరీ మెలకువగా ఉండాల్సిన చోటు ఒకటుంది. రుజువులు చూపినా సడలని తప్పుడు నమ్మకాన్ని వైద్యులు భ్రాంతి అంటారు. కానీ ఆ మనిషి పుట్టిపెరిగిన సమాజమంతా నమ్మేదైతే దాన్ని రోగలక్షణంగా లెక్కించరు. చీడికాడ, మాడుగుల, పాడేరు వైపు మన్యం అంచున ఉన్న ఊళ్లలో చిల్లంగి (చేతబడి) మాట ఇప్పటికీ వినిపిస్తుంది. జాతరలో అమ్మవారు ఒంటి మీదికి వచ్చి ఊగే మనిషికి ఊరు దండం పెడుతుంది, డాక్టరు దగ్గరికి తీసుకుపోదు. ఆ ప్రాంతపు కథకుడు తనకు ఎవరో చిల్లంగి పెట్టారని చెబితే, ఆ ఒక్క మాటతో అతనికి మతి చెడిందని పట్నపు పాఠకుడు అనుకోవడం పొరపాటు. చిల్లంగి నెపంతో మన్యంలో హత్యలు జరిగాయి. ఆ హత్యలు చేసినవాళ్లు కూడా పిచ్చివాళ్లు కారు. అదే కథకుడు, ఊళ్లో ఇంకెవరూ నమ్మని సంగతి చెబుతూ, రేడియోలో వార్తలు చదివే మనిషి తన గురించే సంకేతాలు ఇస్తోందని, బస్సు టిక్కెట్టు మీది అంకెల్లో తన చావు రోజు ఉందని అంటే అప్పుడు అనుమానించాలి. ఊరి నమ్మకం పదిమందిని కలుపుతుంది. రోగి భ్రాంతి మనిషిని ఒంటరిని చేస్తుంది.

పిచ్చివాడి దగ్గర నిజం ఉండటం మన దేశపు రంగస్థలానికి కొత్త కాదు. ఏడో శతాబ్దంలో పల్లవ రాజు మహేంద్రవర్మ రాసిన 'మత్తవిలాస ప్రహసనం'లో ఒక కాపాలికుడి పుర్రె పాత్ర పోతుంది. బౌద్ధ భిక్షువు దొంగిలించాడని గొడవ. శాస్త్రాలూ వాదనలూ అన్నీ నడిచాక, ఆ పుర్రెను కుక్క నోట్లోంచి లాక్కున్న పిచ్చివాడు వస్తాడు. అతని మాటలకు పొందిక లేదు. పోయిన వస్తువు మాత్రం అతని చేతిలోనే ఉంది.

ఆధునిక తెలుగు నవల మనసు లోపలికి వెళ్లింది గానీ, మతి చలించినవాణ్ణే 'నేను' అంటూ కథ చెప్పనిచ్చిన సందర్భాలు అరుదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఆస్తి, పరువు, సంసారం ఒక్కొక్కటీ పోగొట్టుకుని చివరికి మతి చలించి దిక్కులేని చావు చస్తాడు. విశాఖపట్నం రచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య పెళ్లానికి, బావమరిదికి, అప్పిచ్చిన కాంట్రాక్టరుకు, ఆఖరికి తన నీడకే భయపడుతూ బతుకుతాడు. ఈ రెండూ గొప్ప నవలలే. రెండింటిలోనూ బయట ఒక కథకుడు నిలబడి ఉంటాడు. పాఠకుడికి కాలు ఆనించుకోవడానికి ఒక గట్టి నేల ఉంటుంది. దీనికి కారణం తెలుగు రచయితకు చేతకాకపోవడం కాదు. మతి చలించిన మనిషి మన సమాజంలో ఒంటరిగా ఉండడు. తల్లి, అన్న, మేనమామ, వీధి అరుగు, ఇందరు అతని చుట్టూ ఉండి అతని కథను అతనికంటే ముందే చెప్పేస్తారు. ఆసుపత్రి ఎక్కడో చినవాల్తేరులోనో ఎర్రగడ్డలోనో ఉంటుంది. దాని గోడల లోపలి నుంచి ఒక గొంతు మొత్తం నవల చెబితే వినే అలవాటు తెలుగు సాహిత్యానికి ఇంకా పట్టుబడలేదు. ఇది తీరవలసిన లోటు.

ఆ లోటును కొంత సినిమా తీర్చింది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన 'చివరకు మిగిలేది' మానసిక వైద్యశాలలో నడిచే కథ. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరులోనే తప్ప సంబంధం లేదు. బెంగాలీ 'దీప్ జ్వేలే జాయ్' దీనికి మూలం. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన రోగుల్ని నయం చేయడానికి, నర్సు వాళ్లను ప్రేమిస్తున్నట్టు నటించాలన్నది పెద్ద డాక్టరు ప్రయోగం. సావిత్రి ఆ నర్సు. ఆమె ప్రేమను డాక్టరు నటన అన్నాడు. రోగి నయమై వెళ్లిపోతూ దాన్ని చికిత్స అనుకున్నాడు. అది నటన కాదని తెలిసినది ఆమెకొక్కదానికే. ఆ సంగతి ఆమె బయటపెట్టే వేళకు ఆమె కూడా రోగి. అందరికంటే నిజమైన మాట, ఎవరూ నమ్మనక్కర్లేని స్థితిలో ఉన్న మనిషి నోట వస్తుంది. సావిత్రి నటజీవితంలో 'దేవదాసు', 'మాయాబజార్' గురించి చెప్పుకున్నంతగా దీని గురించి చెప్పుకోకపోవడం అన్యాయం.

2014 సంక్రాంతికి సుకుమార్ తీసిన '1: నేనొక్కడినే' ఈ ప్రశ్ననే సినిమా భాషలో పెట్టింది. మహేశ్ బాబు పోషించిన గౌతమ్ తన తల్లిదండ్రుల్ని చంపినవాణ్ణి తాను చంపేశానని చెప్పి పోలీసులకు లొంగిపోతాడు. ఆ పోరాటాన్ని ప్రేక్షకుడు కళ్లారా చూశాడు కూడా. తీరా కెమెరా దృశ్యాలు వేసి చూస్తే అందులో గౌతమ్ ఒక్కడే, ఎదుట ఎవరూ లేరు. మెదడులో లోపం వల్ల లేనివాళ్లను ఊహించుకుంటున్నాడని వైద్యులు తేలుస్తారు. అసలు తల్లిదండ్రులే లేరని కూడా అంటారు. తెర మీద చూసిందంతా నిజమని నమ్మడం ప్రేక్షకుడి పాత అలవాటు. ఆ అలవాటునే సుకుమార్ దెబ్బకొట్టాడు. అయితే కథ అక్కడితో ఆగదు. ఊహ అనుకున్న శత్రువుల్లో నిజమైనవాళ్లు ఉన్నారు. జబ్బూ నిజమే, హత్యా నిజమే. గౌతమ్‌ను నమ్మనివాళ్లు వైద్యపరంగా సరిగ్గానే మాట్లాడారు, కానీ హంతకులు దర్జాగా తిరిగారు. విడుదలైనప్పుడు ఈ సినిమా ఆశించినంత ఆడలేదు. తర్వాతి ఏళ్లలో దాని విలువ తెలిసినవాళ్లు పెరిగారు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన 'అ!'లో ఒక హోటల్లో తారసపడే మనుషులందరూ, మాట్లాడే చేప, మాట్లాడే చెట్టుతో సహా, కాళి అనే ఒక్క అమ్మాయి మనసులోని ముక్కలని చివర్లో తెలుస్తుంది. అక్కడ కూడా పాత్రలు కల్పితం, వాటి వెనకున్న గాయాలు మాత్రం కాళివి.

మతి వేరు, మాటలోని నిజం వేరని పుస్తకం చదివేవాడికి ఇంత ఓపికగా చెప్పాల్సిన ఈ సంగతిని చట్టం 1872లోనే గుర్తించింది. అప్పటి భారత సాక్ష్య చట్టం 118వ సెక్షన్ ప్రకారం, మతి చలించినవాడైనంత మాత్రాన మనిషి సాక్ష్యానికి పనికిరాకుండా పోడు. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని పొందికగా జవాబు చెప్పగలిగితే చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ 124వ సెక్షన్‌గా ఇదే నియమం ఉంది. న్యాయస్థానం అతని సాక్ష్యాన్ని మొత్తంగా నెత్తిన పెట్టుకోదు, మొత్తంగా తోసిపుచ్చదు. ఒక్కో మాటనూ మిగతా ఆధారాలతో తూస్తుంది. బ్రామ్డెన్‌ను చదవడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఏ విమర్శకుడూ చెప్పలేదు.

ఆసుపత్రి గోడల మధ్య మాటకు ఏమవుతుందో చూపడానికి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రోజెన్‌హాన్ 1973లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఎనిమిది మంది ఆరోగ్యవంతులు తమకు గొంతులు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి 12 ఆసుపత్రుల్లో చేరారని, లోపలికి వెళ్లాక మామూలుగానే ప్రవర్తించినా డాక్టర్లు గుర్తుపట్టలేదని, తోటి రోగులు మాత్రం కొందరు పసిగట్టారని అందులో రాశాడు. వాళ్లు నోటుపుస్తకంలో రాసుకుంటుంటే ఆ రాయడాన్నే రోగలక్షణంగా నమోదు చేశారట. ఈ వ్యాసం దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. 2019లో సుసానా కహలాన్ అనే పాత్రికేయురాలు పాత కాగితాలు వెతికి, రోజెన్‌హాన్ చెప్పినవాటిలో చాలా సంగతులకు ఆధారాలు దొరకలేదనీ, కొన్ని కాగితాలకు విరుద్ధంగా ఉన్నాయనీ పుస్తకం రాసింది. డిగ్రీలున్న కథకుణ్ణి కూడా వాక్యం వాక్యంగానే సరిచూడాలి.

ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాదని చీడికాడ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2020 కరోనా రోజుల్లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు ఒకరు మాస్కులు చాలడం లేదని బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన్ను చేతులు కట్టి పట్టుకుపోయిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. అక్కడి నుంచి ఆయన చినవాల్తేరు మానసిక వైద్యశాలకు చేరారు. హైకోర్టు ఈ వ్యవహారాన్ని సీబీఐ దర్యాప్తుకు అప్పగించింది. ఆ రోజుల్లో ఊరూరా జరిగిన వాదనంతా ఆయన మతి సరిగా ఉందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది. మాస్కులు చాలినన్ని ఉన్నాయా లేదా అన్నది తేల్చడానికి ఆయన మనసును పరీక్షించనక్కర్లేదు, ఆసుపత్రి స్టోరు రిజిస్టరు చూస్తే సరిపోతుంది.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆసుపత్రిలో ఉండటానికీ మతి స్థిమితం లేకపోవడానికీ ఉన్న తేడాను స్పష్టంగా రాసుకుంది. గతంలో ఆసుపత్రిలో చేరాడన్న ఒక్క కారణంతో ఇప్పుడు కూడా మానసిక రోగే అని ఎవరినీ నిర్ణయించకూడదు. మానసిక జబ్బు ఉందని తేలినా, న్యాయస్థానం ప్రకటించనిదే మతి స్థిమితం లేనివాడిగా పరిగణించకూడదు. వైద్యశాలలో ఉన్న రోగి తనకు అందుతున్న సేవల్లో లోపం ఉంటే అక్కడి బాధ్యుడైన వైద్యాధికారికి, అక్కడ న్యాయం జరగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి, ఆపైన రాష్ట్ర ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. చట్టం 28వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది. దాన్ని వాడుకోవడానికి రోగి ముందుగా తన మతి సరిగా ఉందని రుజువు చేసుకోనక్కర్లేదు.